లోటు నాది, మిగులు వాళ్ళది

వందల కట్టను మూడోసారి లెక్కపెడుతుండగా గాజు కిటికీ అవతల ఎవరో నాణెంతో టకటకా కొట్టారు. ఆమె తలెత్తలేదు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. మూడుసార్లూ నూరే వచ్చింది. కట్టకు రబ్బరు బ్యాండు వేసి, సొరుగులో పెట్టి, అప్పుడు తలెత్తి, "చిల్లర ఉందా?" అంది.

నీటి బిల్లు కట్టడానికి బజారు ఆఫీసుకు వచ్చేవాళ్ళందరికీ ఆమె చిల్లరమ్మ. ముఖం మీద అనరు, క్యూలో అనుకుంటారు. "చిల్లరమ్మ కౌంటరా? అయితే ముందే నోటు మార్చుకో" అని ఒకరినొకరు హెచ్చరించుకుంటారు. ఆమెకు తెలుసు. ఇరవై ఆరేళ్ళు ఒకే కిటికీ వెనక కూర్చున్న మనిషికి అవతలి గుసగుసలు బాగానే వినబడతాయి.

ఇదివరకు కట్టను ఒక్కసారే లెక్కపెట్టేది. మూడుసార్లు లెక్కపెట్టడం ఈ పదకొండు నెలల అలవాటు.

పది గంటలకు అటెండరు ఒక కాగితం తెచ్చి బల్ల అంచున పెట్టాడు. "మళ్ళీ వచ్చిందమ్మా" అన్నాడు, తప్పు తనదైనట్టు. నిన్నటి బజారు సొరుగులో లోటు మూడు వేల నూట నలభై అయిదు. కింద అచ్చువేసిన వాక్యం: 'నా అజాగ్రత్త వలన ఏర్పడిన పై లోటును నా జీతము నుండి మినహాయించుకొనుటకు అంగీకరించుచున్నాను.' ఆమె సంతకం పెట్టింది. పన్నెండో సంతకం. పేరు రాసేంతసేపు క్యూ ఆగింది, మళ్ళీ కదిలింది.

ఏడో లోటు తర్వాత కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చూపు బాగానే ఉందని ఆయన అన్నా వినకుండా కొత్త అద్దాలు వేయించుకుంది. తొమ్మిదోసారి ఆమె భర్త, బట్టల కొట్లో గుమాస్తా, "చేతికేమైనా చిల్లు పడిందా నీకు?" అని నవ్వాడు. పదోసారి నవ్వలేదు. ఆ నెల నుంచి ఇంటి ఖర్చు డబ్బు బీరువాలో పెట్టి తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. 

ఆమె మిషన్‌ను ఒక్కసారి కూడా అనుమానించలేదు. నాలుగైదేళ్ళ కిందట కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి ఊళ్ళోని ఏడు ఆఫీసులనూ ఒకదానితో ఒకటి కలిపింది. ఎవరైనా ఎక్కడైనా కట్టొచ్చు. రసీదు చేతికి వచ్చేలోపు పెద్దాఫీసులో వాళ్ళ ఖాతాకు జమ పడుతుంది. క్యాషియరు తన పేరుతో మిషన్ లోపలికి వెళ్ళి సొరుగు తెరిచినట్టు నొక్కాలి, వెళ్ళేటప్పుడు మూసినట్టు నొక్కాలి. మధ్యలో ఇచ్చిన ప్రతి రసీదూ ఆ సొరుగు లెక్కలోకి పోతుంది. ఆ లెక్క ఎంతయిందో మాత్రం క్యాషియరుకు చూపించదు. చూపిస్తే సరిపెట్టేస్తారట. సొరుగులో ఉన్నది లెక్కపెట్టి రాసిచ్చి ఇంటికి పోవాలి. తగ్గిందో సరిపోయిందో మర్నాడు పెద్దాఫీసు చెబుతుంది. అంత తెలివైనది తప్పెందుకు చేస్తుంది? చేసేది తన వేళ్ళే అయ్యుంటాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె సొరుగు మూసి, బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కింది. రెండు నుంచి అయిదు దాకా వంతెన దగ్గరి ఆఫీసులో కూర్చోవాలి. ఈ రెండాఫీసుల డ్యూటీ మునుపు పక్క కౌంటరు మాస్టారిది. ఆమెకు పని నేర్పింది ఆయనే. నోట్ల కట్టను విసనకర్రలా విప్పడం, దొంగనోటును చూడకుండా చేత్తో పట్టడం అన్నీ ఆయన చలవే. మూడేళ్ళ కిందట సొరుగులో పందొమ్మిది వేలు తగ్గాయని ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత రెండేళ్ళు మధ్యాహ్నాలు ఆ కౌంటరు మూతపడింది. నిరుడు దాన్ని ఈమె మెడకు చుట్టారు.

వంతెన ఆఫీసు ఒకప్పటి స్టోరు గది. గోడలకు చెమ్మ, పైన ఒకే ఒక్క ఫ్యాను. అది కూడా సూపరింటెండెంటు బల్ల మీదే తిరుగుతుంది. రెండున్నరకు క్యూలోంచి ఒక వ్యాను డ్రైవరు రసీదు కాగితం కిటికీలోంచి లోపలికి తోశాడు.

"అమ్మా, ఇది మార్చివ్వండి. నిన్న ఇక్కడ కడితే ఇందులో బజారు అని పడింది. మా ఓనరు నమ్మడం లేదు. నిన్ను వంతెన దగ్గరికి పంపిస్తే బజారుకెందుకు పోయావు, బండేసుకుని ఎక్కడ ఊరేగావు అని ఒకటే గోల."

ఆమె కాగితం చూసింది. బజారు ఆఫీసు, రెండో సొరుగు. సమయం రెండు గంటల పదకొండు నిమిషాలు. కింద ఆమె పేరే.

"నిన్న మీరు కట్టింది నాకేనా?"

"మీకేనమ్మా. చిల్లర లేదని టీకొట్టు దాకా నడిపించారు కూడా."

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. నిన్న ఒంటిగంటకు బజారులో పెద్దాఫీసుతో లైను తెగింది. మూసినట్టు నొక్కితే 'మూసివేయబడినది' అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఆ నమ్మకంతోనే బస్సెక్కింది. మూసుకున్నది బజారులోని మిషన్ ఒక్కటే. ఆ కబురు పెద్దాఫీసుకు చేరలేదు. చేరేదాకా దాని లెక్కలో ఆమె ఇంకా బజారులోనే కూర్చుని ఉంది. ఇక్కడ పుచ్చుకున్న డబ్బు ఇక్కడి సొరుగులో పడింది, ఇక్కడ ఇచ్చిన రసీదులు అక్కడి సొరుగు మీద పడ్డాయి.

అక్కడ తగ్గితే ఇక్కడ మిగలాలి కదా?

ఆమె లేచి సూపరింటెండెంటు బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన టీ గ్లాసు మీద మూతపెట్టిన సాసరు తీస్తున్నాడు.

"సార్, నిన్న మనకు మిగులేమైనా వచ్చిందా?"

"వచ్చింది. అప్పుడప్పుడూ వస్తూంటుందిగా."

"ఎంత?"

"ఎందుకమ్మా మీకు? మిగిలినదానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు."

రిజిస్టరు ఆయన మోచేతి కిందే ఉంది. ఆమె దాన్ని లాగింది. ఇరవై ఆరేళ్ళలో పై అధికారి బల్లమీది వస్తువును అడక్కుండా ముట్టుకోవడం అదే మొదటిసారి. నిన్నటి తేదీ ఎదురుగా మూడు వేల నూట నలభై అయిదు. 'గుర్తు తెలియని మొత్తం. పెద్దాఫీసుకు జమ.'

బ్యాగులోంచి చిన్న డైరీ తీసింది. పన్నెండు లోట్లూ తేదీలతో రాసుకుంది అందులో. ఒక్కొక్కటే వేలు పెట్టి చూసింది. పన్నెండూ ఉన్నాయి. పైసల్తో సహా ఉన్నాయి. తగ్గిందని ఆమె జీతంలో ఒకసారి కోశారు, మిగిలిందని ఇక్కడ అదే మొత్తాన్ని ఇంకోసారి జమ చేసుకున్నారు. లోటు కాగితం బజారు ఆఫీసుకు, మిగులు కాగితం వంతెన ఆఫీసుకు. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన నాథుడు లేడు.

వెనక్కి తిప్పింది. రెండేళ్ళ ఖాళీ. దాని ముందు పాత చేతిరాత. పద్నాలుగు మిగుళ్ళు. చివరిది బిల్లుల గడువు రోజుది, పందొమ్మిది వేల రెండు వందలు.

ఆ తేదీ ఆమెకు డైరీలో వెతకాల్సిన పని లేకపోయింది. దాని మర్నాడే బజారు ఆఫీసులో మాస్టారి బ్యాగు బల్ల మీద బోర్లించారు. లంచ్ డబ్బా, గొడుగు, మందుల చీటీ రాలాయి. "నా చేతుల్లో తప్పు లేదు, ఆ మిషన్‌ను చూడండి" అని ఆయన అందరి ముఖాల్లోకీ చూస్తూ అడిగాడు. సాక్షి సంతకం పెట్టమంటే ఆమె పెట్టింది. ఇంటికెళ్ళి భర్తతో, "మంచివాడనుకున్నాం, ఎవరి కడుపులో ఏముందో ఎవరికి తెలుసు" అంది కూడా.

రిజిస్టరును ఆయన ముందుకు తోసింది.

"మిషన్ల ఇంజనీరుకు ఫోన్ చెయ్యండి సార్."

"ఇప్పుడా? బయట క్యూ ఉంది."

"చెయ్యండి."

ఆ గొంతు విని ఆయన చేశాడు. స్పీకరులోంచి ఇంజనీరు గొంతు ఏదో తింటూ పలికింది. ఆమె చెప్పింది విని, "ఆ, అది తెలిసిందే మేడం. లైను పోయినప్పుడు వస్తుంది. కొత్త వెర్షన్‌లో పోతుంది" అన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ ఉంది. రెండాఫీసుల రిపోర్టులూ రోజూ సరిచూసుకోమని అప్పుడే లెటర్ పెట్టాం. మీకు పంపలేదా?"

ఆమె సూపరింటెండెంటు వైపు చూసింది. ఆయన టీ వైపు చూశాడు.

"తెలిసిందే అట సార్! తెలిసిందే! నేను కళ్ళు పోయాయనుకుని అద్దాలు మార్చుకున్నాను. మా ఆయన బీరువాకు తాళం వేసుకున్నాడు. ఆ పెద్దమనిషిని నలుగురిలో దొంగను చేసి పంపించాం. మీరేమో ఇక్కడ కూర్చుని మిగిలింది, మిగిలింది అని రాసుకుంటున్నారు. ఎక్కణ్ణుంచి మిగులుతోందని ఒక్కరోజన్నా అడిగారా? డబ్బేమన్నా ఆ ఫ్యానులోంచి రాలిపడుతోందా?"

ఆయన లేచి ఆమె దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"అరవకమ్మా. నీ పన్నెండూ నీకు ఇప్పిస్తాను. నాది పూచీ. ఆయన సంగతి ఎత్తొద్దు. అది మూసేసిన కేసు. తవ్వితే పైవాళ్ళ దాకా పోతుంది. నీ సంతకమూ ఉంది అందులో, మర్చిపోకు."

"మర్చిపోవడమా?" అంది ఆమె. "అది చెబుదామనే కూర్చుంటున్నా."

కౌంటరు దగ్గరికి వచ్చి తెల్లకాగితాలు తీసి రాసింది. అక్షరాలు పెద్దవిగా వచ్చాయి. పద్నాలుగు, పన్నెండు, తేదీలు, మొత్తాలు. చివర: 'ఆనాడు నేను ఏమీ చూడకుండానే సాక్షి సంతకం పెట్టాను. అది తప్పు. ఎవరు పిలిచినా వచ్చి ఈ మాటే చెబుతాను.' కింద కార్బన్ పెట్టి రాసింది కాబట్టి నకలు కూడా తయారైంది. రెండూ ఆయన ముందు పెట్టి, "అందినట్టు ముద్ర వెయ్యండి" అంది.

"ఇది నేను తీసుకోను."

వ్యాను డ్రైవరు కిటికీలో తల పెట్టాడు. "వేసెయ్యండి సార్. ముద్ర పడందే మేమెవ్వరం కదలం, కట్టం. ఏమంటారు?" అని వెనక్కి తిరిగాడు. కట్టం, కట్టం అన్నారు వెనకవాళ్ళు. వాళ్ళలో సగం మందికి సంగతి అర్థం కాలేదు. అయినా నీటి ఆఫీసు మీద ఎవరి కోపం వాళ్ళకుంది. ఆయన ముద్ర వేశాడు. వేసిన వేగానికి సగమే పడింది. ఆమె రెండోసారి వేయించింది. ఇదంతా అయ్యేసరికి కౌంటరు నలభై నిమిషాలు ఆగిపోయింది.

సాయంత్రం ఆమె ఇంటికి పోలేదు. మాస్టారు ఆసుపత్రి ముందు బళ్ళ స్టాండులో టోకెన్లు ఇస్తున్నాడని ఎప్పుడో విన్నది. విని, ఆ దారిన వెళ్ళడం మానేసింది. ఇంకా వెలుతురు ఉంది. ఇనుప కుర్చీలో ఆయన, మోకాళ్ళ మీద టోకెన్ల డబ్బా. మనిషి చిక్కిపోయాడు కానీ చొక్కా మాత్రం మునుపటిలాగే మడత నలగలేదు.

నకలు ఇచ్చింది. ఆయన లేచి నిలబడి చదివాడు. అంకెల దగ్గర పెదవులు కదిలాయి, కూడుకుంటున్నాడు. పూర్తయ్యాక కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను మాస్టారూ."

"నా ముఖంలోకి చూడలేదు."

"చూడలేదు."

"మా ఆవిడ పోయింది, నిరుడు. పోయేముందు కూడా అడిగింది. నిజం చెప్పండి, తీశారా అని." ఆయన గొంతు పెరగలేదు. "ఈ కాగితం ఎవరికి చూపించమంటావమ్మా నన్ను?"

ఎవరో స్కూటరు తీసుకోవడానికి వచ్చారు. ఆయన టోకెన్ పుచ్చుకుని సరిచూసి, బండి వదిలాడు. ఆమెను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆమె వెళ్ళిపోయింది.

విచారణ నాలుగు నెలలు సాగింది. ఆమె భర్త మొదటిరోజే తాళంచెవి తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టాడు. ఆమె దాన్ని వారం రోజులు ముట్టుకోలేదు. పెద్దాఫీసు వరండాలో ఒకటే బల్ల. మొదటి వాయిదాకు మాస్టారు ఈ చివర, ఆమె ఆ చివర. మూడో వాయిదాకు ఆమె ఆలస్యంగా వచ్చింది. ఆయన పక్కనున్న తన గొడుగు తీసి నేలమీద పెట్టాడు, అక్కడ కూర్చోవడానికి చోటయింది.

ఆయన తొలగింపును పదవీ విరమణగా మార్చారు. రావలసిన డబ్బు వచ్చింది. దొంగ కాదని మాత్రం ఏ కాగితంలోనూ రాయలేదు. 'సాంకేతిక కారణముల వలన' అని రాశారు. ఆమె పన్నెండు లోట్లూ తిరిగిచ్చారు. అదే కవరులో ఇంకో కాగితం ఉంది. విధి సమయంలో కౌంటరు నలభై నిమిషాలు నిలిపినందుకు ఆమెను నగదు పనులనుంచి తప్పించి, ఊరి చివర పాడైన మీటర్ల గోడౌనుకు వేశారు. ఆమె చదివి, సంతకం పెట్టి, ఆ శనివారం బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. వీడ్కోలు టీ కూడా లేదు. సోమవారం క్యూలో ఎవరో, "చిల్లరమ్మ ఏది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నోటు ముందుకు తోశారు.

కొత్త వెర్షన్ ఇంకా రాలేదు. బజారు ఆఫీసు రెండో కౌంటరులో, తెర కింది అంచుకు అంటించిన ఒక చీటీ మాత్రం ఉంది. టేపు మూలలు పచ్చబడ్డాయి. పెద్ద పెద్ద అక్షరాల్లో, 'ఆకుపచ్చగా వస్తే నమ్మొద్దు. పెద్దాఫీసుకు ఫోన్ చేసి, మూసుకుందని వాళ్ళ నోటితో అనిపించుకున్నాకే కుర్చీలోంచి లే.'