దండెం మీద తెల్లచొక్కా

టోర్మోడ్ లాంటి మంచివాడు మా లూయిస్ దీవిలో ఇంకొకడు లేడని నేను ఎవరి ముందైనా చెబుతాను. నా భర్త సముద్రంలో పోయిన ఏడాది, చలికాలమంతా పొయ్యిలో కాల్చుకోవడానికి సరిపడా పీటు మట్టిగడ్డలు కోసి, ఎండబెట్టి, మా గోడ పక్కన పేర్చి, నేను ఒక మంచి మాట అనే లోపే వెళ్ళిపోయినవాడు. అలాంటి మంచివాడితో వేగడం ఎంత కష్టమో కూడా నేనే చెప్పాలి. ఎందుకంటే ఆయనా తమ్ముడూ ఉండే ఇంటికీ నా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క బట్టల దండెం. ఒక కొస వాళ్ళ గోడకి, ఇంకో కొస నా గోడకి. బట్టలు ఇద్దరివీ దాని మీదే ఆరతాయి.

టోర్మోడ్ మా చర్చి సంఘంలో పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు ఈవర్ ఓడల్లో పనిచేసి, కనపడ్డ రేవులన్నీ తిరిగి, చాలా తాగి, అంతకంటే ఎక్కువ పోగొట్టుకుని, జుట్టు నెరిశాక అన్న పంచన చేరాడు. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ, ఒకే సంగతి మీద వాదించుకుంటూ కాలం గడుపుతున్నారు. ఆ సంగతి ఆదివారం.

మా దగ్గర ఆదివారం పని చెయ్యరు. అది అందరికీ ఒకటే. పని అంటే ఏమిటన్నది మాత్రం ఇంటింటికీ వేరు. నేను బంగాళాదుంపలు శనివారమే చెక్కు తీసి పెట్టుకుంటాను గాని, ఆదివారం సాయంత్రం ఒడ్డు దాకా నడిచి రావడంలో నాకేమీ తప్పు కనపడదు. టోర్మోడ్‌కి అదీ తప్పే. ఆదివారం ఆయన గడ్డం గీసుకోడు, గడియారానికి కీ ఇవ్వడు, బావి నుంచి నీళ్ళు తేడు. పిల్లి ఎలుకను పట్టుకొస్తే దాని వంక కూడా అదోలా చూస్తాడు. అవన్నీ ఆయన దేవుడి మీద ప్రేమతో తనకు తాను పెట్టుకున్న కట్టుబాట్లు. ఆయన ఒంటి మీద అవి అందంగానే ఉండేవి. వాటినే తెచ్చి తమ్ముడికి కూడా తొడగబోతేనే వచ్చేది గొడవంతా.

ఆ ఏడాది వసంతంలో ఈవర్‌కి కూరం పట్టింది. మనిషికి తన పాపం కళ్ళ ముందుకొచ్చి నిలబడి, తిండీ నిద్రా లేకుండా చేస్తే, మా వాళ్ళు 'కూరం పట్టింది' అంటారు, జలుబు పట్టిందన్నంత మామూలుగా. కొందరికి అది పదిమందికీ తెలిసేలా పడుతుంది. ఈవర్‌కి చప్పుడు లేకుండా పట్టింది. పాటలు మానేశాడు. గొర్రెల దగ్గర ఒంటరిగా కూర్చుని ఏడవడం రెండుసార్లు చూశాను. ఎండాకాలం దాటేసరికి మొహంలో ఏదో తేటదనం వచ్చింది. ఒకరోజు నా వంటింట్లో టీ తాగుతూ, కప్పు వంకే చూస్తూ, ఈసారి ప్రభువు బల్లకి వెళ్దామనుకుంటున్నానన్నాడు.

ప్రభువు బల్లంటే గుడిలో అందరి ముందూ ఆయన పేర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. అది చిన్న మాట కాదు. మా గుడిలో భయభక్తులున్న వాళ్ళే ఎంతోమంది జీవితమంతా వెనక బెంచీల్లో కూర్చుని, మేము తగమంటూ బల్ల ముట్టకుండానే మట్టిలో కలిసిపోయారు. వెళ్ళాలనుకునేవాడు ముందు సంఘ పెద్దల ఎదుట నిలబడాలి. వాళ్ళు సరేనంటే చేతిలో ఒక సీసపు బిళ్ల పెడతారు. ఆ బిళ్ల ఉంటేనే బల్ల. ఈవర్ ఎప్పుడూ తలుపు పక్క బెంచీలో, లేచి పారిపోవడానికి వీలుగా కూర్చునేవాడు. అక్కణ్ణించి లేచి ముందుకి నడుస్తానన్నాడంటే, ఎంత ధైర్యం కూడగట్టుకున్నాడో నాకు తెలుసు.

బల్లారాధన వారానికి ముందు వచ్చిన శనివారం, టోర్మోడ్ తన తెల్లచొక్కా ఉతుక్కున్నాడు. బల్ల దగ్గర వడ్డించే రోజు తప్ప దాన్ని తొడగడు. దండెం మీద ఆరేసి, క్లిప్పులు పెట్టి, గాలి ఎటునుంచి వస్తుందో చూసి లోపలికి వెళ్ళడం నా కిటికీలోంచి చూశాను. ఆ తరువాత ఆయన దాన్ని పూర్తిగా మరిచిపోయాడు.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి చొక్కా ఇంకా దండెం మీదే ఉంది. చేతులు చాపి, దారినపోయే వాళ్ళందరినీ రమ్మన్నట్టు ఊగుతోంది. ఇంకాసేపట్లో ఊరంతా మా దారినే గుడికి నడుస్తుంది. ఆదివారం నాడు సంఘ పెద్ద ఇంటి దండెం మీద బట్ట! ఏం చెయ్యాలో తోచక నేను నిలబడి ఉండగానే ఈవర్ చెప్పుల్లేకుండా బయటికొచ్చాడు. చొక్కాని ఒక్క గుంజు గుంజి, కోటు కింద దోపుకుని, అటూ ఇటూ చూసి, కిటికీలో నన్ను చూసి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

మర్నాడు వచ్చి బతిమాలాడు. అన్నకి మాత్రం చెప్పొద్దన్నాడు. ఈ మధ్య టోర్మోడ్ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నాడట, గొర్రెల్ని లెక్కపెట్టి మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నాడట. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో కన్నకొడుకుల్నే ఎవరు మీరని అడిగాడు. తనకూ అదే రాసి ఉందేమోనని టోర్మోడ్‌కి లోపల భయం.

"చొక్కా మరిచిపోయాడని తెలిస్తే ఆ రోజే పెద్దరికం వదిలేస్తాడు ఎఫీ. ఆ తరువాత ఇంక దేనికోసం లేస్తాడు చెప్పు?" అన్నాడు.

నేను నోరు కుట్టేసుకున్నాను. నాకది ఎంత కష్టమో నన్నెరిగిన వాళ్ళకి తెలుసు.

మా ఇద్దరికీ తెలియనిదొకటుంది. ఆ పొద్దున టోర్మోడ్ కూడా తన గది కిటికీలోంచి చూశాడు. ఆయనకి కనపడింది తమ్ముడి వీపు, కోటు కింద తెల్లటి బట్ట కొస. నా బట్టలనుకున్నాడు. ఆదివారం నాడు విధవరాలి బట్టలు తీస్తున్నాడు, పైగా దొంగలా తీస్తున్నాడు అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. అడగలేదు. వారమంతా ఆ తమ్ముడు వండిన చేపలు తిన్నాడు, ఆ తమ్ముడు పోసిన టీ తాగాడు, ఒక్క మాట అడగలేదు.

గురువారం నుంచి పక్క ఊళ్ళవాళ్ళు బల్లారాధనకి వచ్చి ఇళ్ళల్లో దిగారు. వాళ్ళింట్లో అటక మీద కూడా చుట్టాలే. చొక్కాకి ఎలాగైనా ఇస్త్రీ చేసి పెడదామనుకున్న ఈవర్‌కి ఆ సందట్లో తీరికే చిక్కలేదు. మొదటిరోజు హడావుడిగా మడిచి అన్న సొరుగులో అడుగున పెట్టింది అలాగే ఉండిపోయింది.

శనివారం ఆరాధన అయ్యాక ఈవర్ పెద్దల ముందు నిలబడ్డాడు. అక్కడ జరిగింది తరువాత అతనే నాకు చెప్పాడు. పాస్టరు మెకాస్కిల్ అయ్యగారు నెమ్మదిగా అడిగారు, ఇతను నెమ్మదిగా చెప్పాడు. అంతా బాగానే ఉంది. ఇంకెవరికైనా అడిగేదుందా అన్నప్పుడు టోర్మోడ్ లేచి నిలబడ్డాడు. తమ్ముడని దాచడం న్యాయం కాదన్నాడు. పోయిన ఆదివారం బట్టలు తీశావా లేదా అని అడిగాడు.

తీశానన్నాడు ఈవర్. ఎవరివని అడిగారు. చెప్పనన్నాడు. ఎందుకు తీశావంటే, ఒకరు నలుగురి నోళ్ళలో పడకూడదని తీశానన్నాడు. అయ్యగారు చాలాసేపు చూశారట, చెబుతాడేమోనని. ఈవర్ తన బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు. చివరికి, వచ్చే వసంతంలో చూద్దామన్నారు పెద్దలు. బిళ్ల ఇవ్వలేదు.

ఇదంతా నాకు చెబుతున్నప్పుడు అతని గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు బాగుండేది.

"పోనీలే ఎఫీ. నాలాంటి వాడికి ఆ బల్ల ఎక్కువని నాకు ముందే అనిపించింది. ఇంక అడగను," అన్నాడు.

ఇంక అడగడని నాకూ తెలుసు. తలుపు పక్క బెంచీలోనే ముసలివాడై, అక్కణ్ణించే శ్మశానానికి పోతాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఓట్ రొట్టెల పళ్ళెం పట్టుకుని ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది చుట్టాలకి పెట్టడానికి కాదు, టోర్మోడ్ మొహాన నిజం విసిరికొట్టడానికి. కాని ఈవర్ పొయ్యి పక్కనుంచి నా వంక చూసిన చూపుకి నా నాలుక కదల్లేదు. పళ్ళెం దించి, ఒక్కటే అడిగాను.

"రేపటికి చొక్కా చూసుకున్నావా టోర్మోడ్?"

"ఎప్పుడో తీసి కుర్చీ మీద పెట్టాను. శనివారం చెయ్యాల్సింది నేను ఆదివారానికి ఉంచను," అన్నాడాయన. ఆ మాట తమ్ముడికి తగలాలని అన్నదే.

ఆదివారం పొద్దున చుట్టాలకి గంజి వడ్డించడానికి వెళ్ళాను. వాళ్ళు తిని, బైబిళ్ళు పట్టుకుని ముందు నడిచారు. వంటింట్లో నేనూ ఈవర్ మిగిలాం. అప్పుడు టోర్మోడ్ గదిలోంచి బనీను మీదే వచ్చాడు. ఒక చేతిలో తెల్లచొక్కా. మడత విప్పితే ఒళ్ళంతా ముడతలు. దాని అంచున చెక్క క్లిప్పు ఒకటి ఇంకా పట్టుకునే ఉంది. ఈవర్ గుంజినప్పుడు చొక్కాతోపాటే వచ్చేసి, మడతలో ఉండిపోయింది.

ఆయన ఆ క్లిప్పు వంకే చూస్తున్నాడు.

"నేను దీన్ని లోపలికి తేలేదు," అన్నాడు. మమ్మల్ని అడగడం కాదు, తనకి తానే చెప్పుకోవడం. "ఆరేశాను. తేలేదు."

ఆయన నెమ్మదిగా బల్ల పక్కన కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి చొక్కా ఒళ్ళో పెట్టుకుని చిన్నవాడైపోయాడు.

"నాన్నలాగే అవుతున్నానురా?"

"అవుతే అవుతావు. నేను లేనా?" అన్నాడు ఈవర్.

"నిన్న ఒక్క మాట చెబితే అయిపోయేదిగా. చొక్కా నాదేనని," అన్నాడు టోర్మోడ్.

ఈవర్ గంజి గిన్నెలు కడగడానికి పోయి, ఆదివారమని గుర్తొచ్చి ఆగి, గిన్నె దించేశాడు. మూడొంతుల జీవితం సముద్రం మీద గడిపినవాడు అన్న కోసం ఆ అలవాటు నేర్చుకున్నాడు. ఆ కదలిక టోర్మోడ్ చూశాడు. అప్పుడు ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు, తల్లి సమాధి దగ్గర కూడా ఏడవలేదు.

"చొక్కా మరిచిపోవడం ఏముందిరా, ముసలితనం. వారం పాటు నీ చేతి కూడు తింటూ, నిన్ను దొంగని చేసి, నేను నీతిమంతుణ్ణని లోపల మురిసిపోయాను. అడిగితే నువ్వు ఏదో చెబుతావు, నా మురిపెం పోతుంది. అందుకే అడగలేదు. అదీ నా పాపం."

ముప్ఫై ఏళ్ళుగా సంఘ పెద్దగా ఉన్న మనిషికి ఆ పొద్దున, నా కళ్ళ ముందు, కూరం పట్టింది.

లేచి చొక్కా తొడుక్కోబోయాడు. ఇలా ఇవ్వు, ఒక్క నిమిషంలో ఇస్త్రీ చేస్తానన్నాడు ఈవర్, పొయ్యి వేడిగానే ఉందన్నాడు. నేనూ వంతపాడాను.

"ఆదివారం నాడా?" అన్నాడు టోర్మోడ్, కన్నీళ్ళతోనే. ముగ్గురం నవ్వాం. ఆ తరువాత ఆయన తమ్ముడి వంక తిరిగి, "నువ్వు నీ చొక్కాకి చేసుకో, నేనేమీ అనుకోను," అన్నాడు. అలాంటి మాట ఆ నోటి వెంట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ముడతల చొక్కా తొడుక్కుని, అందరికంటే ముందు అయ్యగారి ఇంటికి నడిచాడు.

అక్కడి సంగతి అయ్యగారి భార్య చెబితే తెలిసింది. పెద్దల్ని పిలిపించి, వాళ్ళ ముందు చొక్కా కథంతా చెప్పాడట, క్లిప్పు బల్ల మీద పెట్టి మరీ. నన్ను పెద్దరికం నుంచి తీసేయండి, మా వాడికి మాత్రం బిళ్ల ఇవ్వండి అన్నాడట. అయ్యగారు బిళ్ల తీసి ఆయన చేతిలోనే పెట్టి, "మీరే ఇవ్వండి. మీ పెద్దరికం సంగతి ఇంకెప్పుడైనా చూద్దాం," అన్నారట.

గుడి నిండిపోయింది. ఈవర్ తలుపు పక్క బెంచీలోనే కూర్చున్నాడు, నేను అతని ముందు వరసలో. కీర్తన పాడుతుండగా, బల్లకి వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కరే లేచి ముందుకి నడుస్తున్నారు. టోర్మోడ్ మాత్రం వాళ్ళకి ఎదురు, మధ్య దారిలో వెనక్కి వచ్చాడు. ఆ ముడతలు చూసి ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. తమ్ముడి పక్కన వంగి, అతని చెయ్యి తెరిచి, బిళ్ల అందులో పెట్టాడు.

ఈవర్ దాన్ని నిప్పు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తిరిగి ఇచ్చేయబోయాడు.

"వద్దన్నా. నేను తగను."

"నేనూ తగనురా," అన్నాడు టోర్మోడ్. "అందుకే. లే, పోదాం."

ఇద్దరూ పక్కపక్కనే ముందుకి నడిచారు. ఈవర్ చొక్కా నున్నగా ఇస్త్రీ చేసి ఉంది. అన్న చొక్కా ముడతలు మాత్రం వెనక బెంచీ దాకా కనపడుతూనే ఉన్నాయి.