మూత ఊడని తిత్తి

కోదాడ రైసుమిల్లు వెనక గదిలో నాగేశ్వర్ రావు ఆరేళ్లుగా రాళ్లను ఆసిడ్‌లో కరిగిస్తున్నాడంటే, బంగారం కోసమేనని ఊళ్లో సగంమంది నమ్మారు. మిల్లు ఆయనదే కాబట్టి మొహం మీద నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. పాపం, ఆయనకు కావలసింది రాయి కరిగాక మిగిలే నలుసు. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవి, రోజులు బాగాలేనప్పుడు తన చుట్టూ కట్టుకున్న తిత్తి అది. ఆ రాళ్లు కోస్తాలో లోతుగా వేసిన బోరులోంచి వచ్చాయి.

వాటికి బొమ్మలు గీసేది డ్రాయింగ్ టీచరు ఆండాళు. మైక్రోస్కోపులో చూస్తూ తిత్తి నడుము చుట్టూ ఉన్న గాడినీ, పైపెంకులోని పలకకొకటి చొప్పున లేచిన ముళ్లనీ చెయ్యి వణక్కుండా గీసేది. లోపలి జీవి బయటపడేటప్పుడు ఏ పలక మూతలా ఊడుతుందో దాన్నిబట్టే జాతి తేలుతుంది. దొరికిన తిత్తులన్నీ చిరిగిపోయినవే. మూత పదిలంగా ఉన్నది ఒక్కటే దొరికింది. దాని లోపల నల్లగా ఏదో ముడుచుకుని ఉంది. ఆయన ఆరేళ్ల కష్టమంతా ఆ ఒక్క నలుసు మీదే ఆధారపడింది.

అది కాస్తా ఓ మధ్యాహ్నపు ఎండకు గాజుపలక మీద ఎండిపోసాగింది. ఎండితే పగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ సీసా చూస్తే ఖాళీ. గదిలో ఆండాళు ఒక్కతే ఉంది. కోదాడకింకా రాని సాగర్ కాలువ మిర్యాలగూడకు తొలిసారి వచ్చిన రోజున తమ్ముడు పట్టి తెచ్చిన నీళ్లు ఆమె సంచిలో ఉన్నాయి. ఒక్క చుక్క వేసి, దేవుడికి దండం పెట్టుకుంది.

మర్నాడు బడికి సెలవిచ్చారు. ఆండాళు పొద్దున్నే వచ్చి చూస్తే తిత్తి మూత ఊడి, పక్కన పడి ఉంది.

నాగేశ్వర్ రావు కంటిని మైక్రోస్కోపుకు ఆనించి చిన్నపిల్లాడిలా కేకపెట్టాడు. "ఒకటే పలక! వీపు మీది మూడోది! తేలిపోయిందమ్మా!"

"లోపలిది ఏదండీ?" అంది ఆండాళు.

ఆయన గాజుపలకను ఈ కొస నుంచి ఆ కొసదాకా జరిపి చూశాడు. మళ్లీ జరిపాడు. తిత్తి ఖాళీ. గాజుపలకంతా ఖాళీ.

ఆండాళు ఇక దాచలేక చుక్క సంగతి చెప్పేసింది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది. ఆయన తిట్టలేదు.

"రాయి కరిగినంక మిగిలే బురద యాడ పోస్తున్నవమ్మా?"

"మిల్లెనక కొత్తగా తవ్విన పిల్లకాలువలనేనండీ. ఎండు కాలువే గదా, పొయ్యమని మీరే అన్నరు."

"మనం సూసింది అండ్ల చారెడే," అన్నాడు. "మూత ఊడనియి ఇంక ఎన్నున్నయో."

బయట డప్పులు మోగుతున్నాయి. బడికి సెలవెందుకిచ్చారో ఆండాళుకు అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ దగ్గరికి పరుగెత్తింది. పిల్లకాలువలో తొలిసారి వదిలిన సాగర్ ఎర్రనీళ్లు నురగలు కక్కుతూ వస్తున్నాయి. ఆడవాళ్లు పసుపూ కుంకుమా చల్లుతున్నారు. ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్లలు మోకాలిలోతున దిగి, దోసిళ్లు పట్టి తాగుతున్నారు.

ఆండాళు కిటికీ చువ్వలు పట్టుకుని అరిచింది. డప్పుల మోతలో ఆమె అరుపు ఎవరికీ వినిపించలేదు.