ఆగే కొర్ర

గంజి మీద కట్టిన తరక ఎవరు తిన్నారన్న దగ్గర మొదలైంది గొడవ.

"రాక రాక వచ్చిన పిల్ల కోసం చల్లారబెట్టాను. మూత తీసి నాకేశావా?" అంది గైషియాంగ్.

"నాకడానికి అక్కడేముందని? ఈగ కాలు కూడా తడవదు!" మొగుడు బావ్‌చెంగ్ మూతి తుడుచుకున్నాడు. "మీ అమ్మ కాచిన గంజయితే పుల్ల గుచ్చితే నిలబడేది. నీ కొర్రల్లో ఆ పస ఏదే?"

మామూలుగా అయితే పదిమాటలు అనేది. ఈసారి గిన్నె మీద మూత పెట్టేసింది. ఆయన ఎకసెక్కానికి అన్నదే నిరుటినుంచి ఆమెను లోలోపల తొలుస్తోంది.

లోయకు అవతల పుట్టిల్లు ఇప్పుడు లేదు. ఊరిని దిగువకు తరలించి, ఆ చేలల్లో సర్కారు చెట్లు నాటింది. అమ్మ పోయింది. అమ్మదంటూ మిగిలింది, పెళ్లినాడు ఎర్రగుడ్డలో కట్టిచ్చిన గుప్పెడు విత్తనమే. "దీన్ని ఆగే కొర్ర అంటారు. వాన రాకపోతే ఆకు చుట్టుకుని ఆగుతుంది. తొందరపడి వెన్ను తియ్యదు" అంది అమ్మ. గైషియాంగ్‌కు పదేళ్లప్పుడు కొండకొండంతా మాడిపోతే పండింది ఆ ఒక్క చేనే. ముప్పై ఏళ్లుగా ఆ విత్తనాన్ని ఆమె మానకుండా వేస్తోంది. నిరుటి ఎండలకు మాత్రం అది ఆగలేదు. అందరి కొర్రలాగే ఆత్రంగా వెన్ను తీసి, గింజ పట్టక తాలుపోయింది.

అందుకే పట్నంలో విత్తన పరిశోధన చేసే కూతురికి అరవై మొక్కల ఆకులు పరీక్షకు పంపింది.

"అరవైలో నాలుగింటికే ఉందమ్మా, కరువుకు ఆగే గుణం" అంది జింగ్, తల్లి పక్కన కూర్చుని.

"ఆ నాలుగు చాలు కదే?"

"ఏవి ఆ నాలుగూ? గుర్తు పెట్టావా?"

గుర్తు పెట్టలేదు. అన్నీ కలిపి నూర్చేసింది. "పోనీ, విత్తనాలు దాచే మీ చల్లగదిలో అమ్మ కొర్ర లేదూ?"

"విత్తనం సేకరించడానికి ఆ లోయకి మావాళ్లెవరూ వెళ్లనేలేదు. అది సరే, విత్తనానికి ఏ వెన్నులు ఏరతావు నువ్వు?"

"ఏవేమిటే, లావువి! సన్నవి ఏరి గుమ్మానికి కడితే ఊరు నవ్వదూ?"

"వానలు బాగున్న ఏడు ఆగే మొక్కకి చిన్న వెన్నే వస్తుందమ్మా. ముప్పై ఏళ్లుగా నువ్వు అమ్మమ్మ మొక్కల్నే వంటకి పంపావు."

గైషియాంగ్‌కు పుట్టింటి గుమ్మం కళ్లకు కట్టింది. రాళ్లగట్టు మీంచి అమ్మ ఏరి తెచ్చిన వంకర వెన్నులు, వేలెడంతవి. పక్కింటి పిల్లలు వెక్కిరిస్తే, అది అమ్మ పిసినారితనమనుకుని తను సిగ్గుతో తల దించుకునేది. ఇవెందుకమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు అడగాలని ప్రాణం కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం ఆవిరి మీద ఉడికిన బంగాళాదుంప తురుము ముగ్గురికీ వడ్డించి, తన గిన్నె ముట్టకుండా అంది: "ఈ ఏడు ఉన్న విత్తనమంతా ఎండ తగిలే వాలులోని రాతిచేలో వేస్తాను. తేమ నిలిచేందుకని ప్లాస్టిక్ పరచొద్దు, ఒక్క కడవ నీళ్లు మొయ్యొద్దు."

"మాడిపోతే?" బావ్‌చెంగ్ నమలడం ఆపాడు.

"మాడేవి మాడనీ. ఆగినవే విత్తనానికి."

"మరి మనం తినేది?"

"కొనుక్కు తిందాం. ఈ ఒక్క ఏడే కాదు జింగ్ నాన్నా, అమ్మ కొర్ర తిరిగొచ్చేదాకా."