బండి కింద ఆయిల్ చుక్క

మార్కు పానాను బోల్టుకు తగిలించి, మోచేయి నేలకు ఆనించి బలంగా లాగాడు. బోల్టు ఇక తిరగనని మొండికేసింది. అయినా పళ్ళు బిగబట్టి ఇంకోసారి లాగాడు. లారీ కింద యూరియా సంచి పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడతను. మొహానికి జానెడు ఎత్తులో ఇంజను అడుగున ఆయిల్ నిలిచే ఇనుప తొట్టి ఉంది. డ్రైవర్లు దాన్ని చాంబర్ అంటారు. దాని అంచున ఒక చుక్క నల్లగా ఊరి, బరువెక్కి, తెగి అతని గడ్డం మీద పడింది.

"ఆగిందా?" అని గడపలోంచి భార్య విశ్రాంతమ్మ అడిగింది.

మార్కు గడ్డం తుడుచుకున్నాడు. తుడిచిన చేతికే మసి ఉండడంతో మొహం మరింత నల్లబడింది.

పినపాకలో రోడ్డు వారగా రెండు గదుల రేకుల ఇల్లు వాళ్ళది. ఇంటికన్నా ముందున్న లారీయే ఎత్తు. తెల్లారితే జామాయిల్ కర్ర లోడుంది. ఆయిల్ కారే బండి తెస్తే లోడు ఎత్తించనని కాంట్రాక్టరు ముందే చెప్పేశాడు. చెప్పకపోయినా, ఇట్లా కారుతూ పోతే ఏ అడవి మధ్యనో ఇంజను పట్టేస్తుంది. పట్టేస్తే ఈ బండి పాత ఇనుముకే. అరవైకి దగ్గరపడ్డ మార్కు ఇంకొకరి బండి మీద డ్యూటీ అడుక్కోవాలి.

"గోప్యా అన్నకు ఒక ఫోన్ కొడితే..."

"ఆని పేరెత్తకు," అన్నాడు మార్కు లారీ కిందనుంచే.

అప్పుడే రోడ్డు మీద బొగ్గు టిప్పరొకటి మణుగూరు వైపు దూసుకుపోయింది. ఇల్లు సన్నగా అదిరింది. చూడనవసరం లేకుండానే హారన్‌ను బట్టి అది గోప్యాదని మార్కుకు తెలుసు. గోప్యా టిప్పర్ల ముందు అద్దం మీద ఎర్రరంగుతో అతని భార్య సోమ్లి పేరుంటుంది. విశ్రాంతమ్మ పేరు మార్కు ఎక్కడా రాయించలేదు. ఇప్పుడు రాయిస్తే గోప్యాను చూసి రాయించాడంటారు.

ఇద్దరూ ఏన్కూరులో బసవపున్నయ్య గారి దగ్గర ఒకేసారి క్లీనర్లుగా చేరినవాళ్ళు. ఆయన కోస్తా నుంచి వచ్చి మిరప వేసి, మిరపకాయ వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి. ఆయన లారీలోనే ఇద్దరూ లోడు మీద కప్పే ఒకే పరదా కింద పడుకున్నారు, ఒక గిన్నెలో తిన్నారు. స్టీరింగ్ మాత్రం ఆయన మొదట గోప్యా చేతికే ఇచ్చాడు. ధాబాలో మార్కు అడిగితే వచ్చే ఉల్లిపాయ గోప్యాకు అడగకుండానే వచ్చేది. చెక్‌పోస్టు జవాను గోప్యాను పేరు పెట్టి పిలిచి, మార్కును "ఏయ్ డ్రైవర్" అనేవాడు. ఇవన్నీ లెక్కలోకి రాని సంగతులే. కానీ మార్కు ఒక్కటీ మరిచిపోలేదు.

బసవపున్నయ్య గారు ఈ లారీ అమ్మేస్తానన్నప్పుడు గోప్యా దాని మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో మార్కుకు తెలుసు. తెలిసే, తెల్లారకముందే ఏన్కూరు వెళ్ళి బేరం కుదుర్చుకొచ్చాడు. జీవితంలో గోప్యా మీద అతను గెలిచింది ఆ ఒక్కసారే. లారీ దక్కని గోప్యా టిప్పర్ల వైపు వెళ్ళాడు. ఒకటి మూడైంది. లారీ దక్కిన మార్కు ఇదిగో, దాని కిందే ఉన్నాడు.

ఒకసారి గోప్యా టిప్పరు వాగులో బోల్తా పడిందని విన్నప్పుడు మార్కుకు లోలోపల హాయిగా అనిపించింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ ఆదివారం చర్చిలో ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. వాక్యం చెప్పే బ్రదర్ పిలిచినా ముందుకు రాలేదు.

కాసేపటికి ఇంటి ముందు కారు ఆగింది. లారీ కిందనుంచి మార్కుకు తోలుచెప్పులు మాత్రమే కనిపించాయి. విశ్రాంతమ్మ చాటుగా ఫోన్ చేసేసిందన్నమాట.

"రా అన్నా, రా. సోమ్లి వదిన బాగుందా?" ఆ గొంతులో ఉన్న సంతోషం మార్కు చెవిలో గుచ్చుకుంది. తనతో ఆమె అంత తేలిగ్గా మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

"మంచిగున్నది చెల్లె. ఏడీ మావోడు?" అంటూ గోప్యా వంగి చూశాడు. "ఏందిరా, నన్ను పిల్వకుండనే పెళ్ళి చేస్కుంటున్నవ్?"

"నీకు శాన పనులుంటయ్ గద, పెద్దమనిషివి."

"పనులు ఎప్పుడుండయ్? జరుగు."

గోప్యా పాక్కుంటూ లోపలికి వచ్చి మార్కు పక్కన పడుకున్నాడు. ఒళ్ళు చేసినందువల్ల రొప్పుతున్నాడు. వేళ్ళతో చాంబర్ అంచంతా తడిమి చూశాడు.

"ఎన్నిసార్లు బిగిచ్చినవ్‌రా?"

"కారినప్పుడల్లా."

"అదే చెడగొట్టింది. గట్టిగ బిగిస్తే రేకు వంగుతది. వంగిన కాడికెళ్ళే కారుతది. నీకు మొదటికెళ్ళి బిగిచ్చుడే తప్ప వదులు చేసుడు తెల్వదు."

మార్కుకు ఒళ్ళు మండింది. కానీ కాదనలేకపోయాడు.

ఆయిల్‌ను బకెట్‌లోకి దించేసి, బోల్టులు విప్పారు. చాంబర్‌ను చెరోవైపు పట్టుకుని దించుతుంటే అడుగున మిగిలిన ఆయిల్ గోప్యా వైపు ఒలికింది. ఎండలోకి తెచ్చి చూస్తే అంచు ప్రతి బోల్టు దగ్గరా సొట్టపడి ఉంది. చెక్కముక్క మీద ఆనించి గోప్యా సుత్తితో నెమ్మదిగా కొట్టి చదును చేశాడు. ఇద్దరూ అంచుకు అంటుకున్న పాత ప్యాకింగ్ అట్టను బ్లేడుతో గీకారు. గోప్యా కారులోంచి తెచ్చిన కొత్త ప్యాకింగ్ వేసి, మళ్ళీ కిందికి దూరి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించారు. ఒకరు చేయి చాపితే రెండోవాళ్ళు ఏ పానా అని అడగకుండానే అందించారు. మధ్యలో గోప్యా ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు. నుదుటి మీద చెమటలు చాలా పట్టాయి.

కూర్చుని తినే ఒళ్ళు, పనికి వంగుతుందా అనుకున్నాడు మార్కు. అనుకుని లోపల కొంచెం సంతోషపడ్డాడు. ఇక చాల్లే, పైకి రా అని మాత్రం అనలేదు.

ఆయిల్ పోసి ఇంజను నడిపారు. కింద పరిచిన అట్టముక్క పొడిగా ఉంది. చాలాసేపు చూశారు. పొడిగానే ఉంది.

"ఈ బండి కింద పండి శాన దినాలైందిరా," అన్నాడు గోప్యా, అరచేత్తో బంపరును తట్టి. "మంచిగనిపించింది."

లారీ తనకు దక్కకుండా పోయిందన్న మాట గోప్యా అప్పుడూ అనలేదు, ఎప్పుడూ అనలేదు. అంటే బాగుండునని మార్కుకు ఎన్నోసార్లు అనిపించింది.

గోప్యా అంగీ కుడివైపంతా ఆయిల్ అయింది. విశ్రాంతమ్మ ఊరుకోలేదు. "గిట్ల పోతే వదిన నన్ను తిడ్తది. ఇప్పెయ్ అన్నా, ఉతికి పంపిస్త," అంటూ లోపలికెళ్ళి అంగీ పట్టుకొచ్చింది. పాతది ఏదైనా తెస్తుందనుకున్నాడు మార్కు. ఆమె క్రిస్మస్‌కు కుట్టించిన నీలం అంగీ తెచ్చింది. మార్కుకు ఎప్పుడూ భుజాల దగ్గర జారిపోయే ఆ అంగీ గోప్యాకు కొలిచి కుట్టినట్టు కుదిరింది.

"అన్నకు ఎంత మంచిగున్నదో సూడు," అంది ఆమె నవ్వుతూ.

మార్కు పానాలు సంచిలో వేసుకుంటూ తల తిప్పుకున్నాడు. కారు కదిలినప్పుడు గోప్యా కిటికీలోంచి చేయి ఊపాడు. మార్కు చేతులకు మసి ఉందన్నట్టు ఊరికే నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా ఫోన్ వచ్చింది. గోప్యా వాళ్ళ తండాకు పోయే మలుపులో అతని కారు పక్కకు ఆపి ఉందట. ఇంజను నడుస్తూనే ఉందట. గోప్యా స్టీరింగ్ మీద తల వాల్చి పడుకున్నట్టే ఉన్నాడట. దవాఖానాకు తీసుకుపోయేసరికే అయిపోయింది.

మార్కు లారీ తీశాడు. విశ్రాంతమ్మ పక్కన కూర్చుని దారంతా ఏడ్చింది. తండా మొదట్లో మూడు టిప్పర్లూ వరసగా ఆగి ఉన్నాయి. వాకిట్లో జనం విరగబడ్డారు. ఇంతమంది నాకు వస్తారా అన్న ఆలోచన మార్కుకు అప్పుడు కూడా వచ్చింది. దాన్ని ఆపడం అతనికి చేతకాలేదు.

గోప్యా మంచం మీద నీలం అంగీతో ఉన్నాడు. గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని ఉన్నాయి.

సోమ్లి తలెత్తి చూసింది. "ఈ అంగీ ఎవరిదన్నా? పొద్దుగాల ఇది ఏస్కపోలే."

"నాదే."

"స్నానం పోసేటప్పుడు తీస్తరు. నీకిస్త."

"వద్దమ్మా," అన్నాడు మార్కు. "ఆనికే కుదిరింది. ఆనికే ఉండనీ." తరవాత మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. లారీ కింద భుజం నొక్కుకున్న గోప్యా చెయ్యి కళ్ళముందే ఉంది.

దహనం అయ్యాక మరునాడు మధ్యాహ్నం ఇల్లు చేరారు. కర్ర లోడు ఇంకెవరో ఎత్తుకుపోయారు. మార్కు అలవాటుగా వంగి లారీ కింద చూశాడు. నేల పొడిగా ఉంది. కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. దండెం మీద గోప్యా తెల్లంగీ ఆరి ఉంది. విశ్రాంతమ్మ సర్ఫులో నానబెట్టి రెండుసార్లు రుద్దినా కుడిభుజం దగ్గర అరచేయంత మరక మిగిలే ఉంది.