ఎడమ పక్క కొక్కెం

కత్తి సాల్మన్ చేప పొట్టను ఒక్క గీతలో చీల్చింది. వాల్దెసీర్ పేగులు లాగి తొట్టిలో పడేసి తర్వాతి చేపను అందుకున్నాడు. పొద్దున ఆరింటి నుంచీ ఇదే పని. ఫారో దీవుల్లోని ఈ చిన్న ఊళ్లో బంతాటతోనే ఎవరికీ పూట గడవదు. ముప్పై ఎనిమిదేళ్ల ఈ బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్‌కు ఇది పన్నెండో జట్టు.

"ఇవాళన్నా బంతి మనుషులకిస్తావా, మళ్లీ సముద్రానికేనా?" అంది పక్క బల్ల దగ్గర మార్యున్. జట్టు బట్టలు ఉతికేదీ ఆవిడే. "పడవేసుకుని పోయి తెచ్చేది మా ఆయన! ఆయన నడుం పడిపోయింది నీ దెబ్బకి."

"ఇవాళ పోదులే," అని నవ్వి ఇంకో చేపను బల్ల మీదికి లాక్కున్నాడు.

కోచ్ హానుస్ నిన్ననే తేల్చేశాడు. "ఎడమ పక్క పురుగు కూడా ఉండదు. అయినా చూడకుండా అటే తన్నేస్తావు. రేపు ఒక్కసారి అలా చేశావా, నీకూ మాకూ చెల్లు. చెయ్యకపోతే వచ్చే ఏడాదికి ఒప్పందం కాగితం రాసిస్తా." పోర్చుగల్, సైప్రస్, ఫిన్లాండ్... ఎక్కడికెళ్లినా ఇదే తిట్టు, చివరికి ఇదే గెంటివేత. ఈ వయసులో ఇంకెవరు రమ్మంటారు?

పురుగు కూడా లేదట! అక్కడ దిర్నేయ్ పరుగెత్తుతూ ఉంటాడు. ఇద్దరూ బ్రెజిల్‌లోని పెలోటస్‌లో ఒకే వీధిలో పెరిగారు. పదిహేడేళ్ల వయసులో పొరుగూరి ఆటకు బస్సులో పోతుంటే, నిద్రొస్తోంది నీ కిటికీ సీటివ్వరా అని వాల్దెసీర్ పోరి మార్పించుకున్నాడు. లారీ వచ్చి దిర్నేయ్ మారి కూర్చున్న పక్కనే గుద్ది వాణ్ని పొట్టనబెట్టుకుంది. అప్పటినుంచీ ఏ జట్టులోనైనా బట్టలు మార్చుకునే గదిలో తన ఎడమ పక్క కొక్కేన్ని ఖాళీగా ఉంచుతాడు. దాని కింద దిర్నేయ్ బూట్లు పెడతాడు. ఎవరైనా చొక్కా తగిలించబోతే, "ఆగు, మనిషున్నాడు," అంటాడు.

మధ్యాహ్నం వానలోనే ఆట మొదలైంది. చెరో గోలు. ఇంకో పది నిమిషాలున్నాయనగా బంతి వాల్దెసీర్ కాళ్ల దగ్గరికొచ్చింది.

"వాల్దీ! ఒరేయ్, ఇవ్వరా!"

ఎడమ నుంచి అదే గొంతు, అదే ఆత్రం. కాలు అటే లేచింది. పళ్లు బిగబట్టి కుడివైపు తిరిగి బంతినిచ్చాడు. గోలైంది. గట్టు మీద కార్లలో కూర్చుని చూస్తున్నవాళ్లంతా హారన్లు మోగించారు. మిగతా పది నిమిషాలూ వాల్దెసీర్ చెవులు రిక్కించుకునే ఆడాడు. మళ్లీ ఎవరూ పిలవలేదు.

"పెట్టు సంతకం, ముసలోడా!" అంటూ హానుస్ కౌగిలించుకుని కాగితం చేతికిచ్చాడు. వాల్దెసీర్ సంతకం పెట్టాడు. బతుకుతెరువు దక్కింది. ఇరవై ఒక్కేళ్లలో ఇంత ఒంటరితనం అతను ఎరుగడు.

అందరూ వెళ్లిపోయాక మార్యున్ తడి చొక్కాలు ఏరుకుంటూ వచ్చింది. సంచి తగిలించబోయి, అలవాటుగా ఆగింది.

"ఉన్నాడా మీవాడు?"

వాల్దెసీర్ ఎడమ పక్కకు తిరిగి చూశాడు.

"లేడు. తగిలించుకో."

సంచి కొక్కేనికి వేలాడింది. దాని కింద, ఇన్నేళ్లూ తన బూట్లతోపాటే తుడిచి పెట్టుకున్న ఆ జత ఎంత చిన్నదో అతను మొదటిసారి చూశాడు. పదిహేడేళ్ల పాదాలవి.