దొరకని తొమ్మిదిమంది

నా పేరులో వరద ఉంది గానీ, నా పని మాత్రం ఎండిన బోర్ల దగ్గర పడింది. వరదరాజులు, స్టాటిస్టిక్స్ లెక్చరర్, ప్రొద్దుటూరు. మా కాలేజీలోనే ఎకనామిక్స్ చెప్పే కృపావరం జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వస్తాడు. కాలేజీ వెనక సందులో ఉండే నాకంటే పది నిమిషాలు ముందే వస్తాడు.

ఆయన చేరిన కొత్తలో శాంపిల్ అంటే ఏమిటో చెప్పింది నేనే. "అన్నం ఉడికిందో ల్యాదో చూడాలంటే కుండంతా తినాల్నా? ఒక మెతుకు పట్టుకుంటే చాలు. కానీ కలిపి పట్టుకోవాలప్పా. పైమెతుకు పైసంగతే చెప్తాది" అన్నాను. ఆయన బుద్ధిగా రాసుకున్నాడు. ఇప్పుడు పిల్లలు "మెతుకు పాఠం సారు" అనేది ఆయన్ని. మెతుకు నాది, మెప్పు ఆయనది.

ఈ ఏడు పులివెందుల చుట్టూ ఉన్న చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, ఎన్ని బోర్లు నీళ్లు పోస్తున్నాయో తేల్చే పని మా కాలేజీకి వచ్చింది. జాబితాలో ఆరువందల బోర్లున్నాయి. అన్నింటి దగ్గరికీ పోయే ఓపిక మాకు లేదు. ప్రిన్సిపాల్ షాహీదాబీ మేడం ఆ బోర్ల రైతుల పేర్లన్నీ చీటీల మీద రాయించి, ప్లాస్టిక్ బకెట్లో కలిపి, కళ్లు మూసుకుని అరవై తీశారు. ముప్పై నాకు, ముప్పై కృపావరానికి. ఫలితాన్ని కడపలో జిల్లా అధికారుల ముందు చెప్పేది మాత్రం ఒక్కరే అన్నారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా పేరు మైకులో వినపడింది ఒక్కసారే. అదీ నా స్కూటరు గేటుకు అడ్డంగా ఉందని.

నెల తిరిగేసరికి నా ముప్పైలో ఇరవై ఏడు బోర్లకు నీళ్లున్నాయి. ఆయన ముప్పైలో పద్దెనిమిదింటికే.

మేడం రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టారు. "ఒకే బకెట్లో చీటీలు. ఒకటో రెండో తేడా వస్తే సరే అనుకోవచ్చు. తొమ్మిదా? ఎవరో ఒకరు తప్పు చేసినారు. శనివారానికి తేల్చండి. ఎవరి లెక్క నిలబడితే వాళ్లే కడపకు."

"నాది రెండుసార్లు చూసుకున్నా మేడం" అన్నాడు కృపావరం. ఆ నిదానమే నా కడుపులో నిప్పు. గట్టిగా అరిచి ఉంటే సగం చల్లారేది.

ఆయన ఫారాలు తనిఖీ చేస్తానని నేనే అడిగి తెచ్చుకున్నాను. ఇంటికి తెచ్చిన తర్వాత చీటీలు వేయలేదు. తప్పుగా కనపడేవే ఏరుకున్నాను. అసూయ కూడా ఒక శాంపిలింగ్ పద్ధతే. పాఠ్యపుస్తకంలో లేదు గానీ ఇంటింటా ఉంది.

మొదటిదే చేతికి చిక్కింది. రైతు పేరు మున్వర్, తోట పులివెందుల పక్కన, ఫారం నింపిన చోటు మాత్రం కరెంటు ప్లాంటున్న కలమల్ల. తోట ఒకచోట, మాట ఒకచోట. అంటే కూర్చున్నచోట కూర్చుని రాసుకున్నాడన్నమాట.

"ఏంది, మీకు మీరే నవ్వుకుంటాండారు?" అంది నా భార్య లలిత.

"కృపావరం దొరికినాడు."

"ఆయప్ప దొరికేదేంది. మనిషి బంగారం."

ప్రొద్దుటూరులో బంగారానికి కొదవా. ఈ ఒక్కదాన్నీ గీటురాయి మీద పెట్టి వద్దామని మరునాడే కలమల్ల బస్సెక్కాను.

కరెంటు ప్లాంటు గేటు దగ్గర షిఫ్టు వదిలారు. అడిగితే, చొక్కా నిండా బూడిదతో వస్తున్న మనిషిని చూపించారు. మున్వర్.

"తోట ఆడుంటే ఈడేం చేస్తాండావప్పా?"

"తోట యాడుంది సార్? బోరు పాయె, చెట్లు ఎండిపాయె. ఈడ కాంట్రాక్టు పనికొచ్చినా."

"కృపావరం సారు నిజంగా వచ్చినాడా?"

"మూడుసార్లు. రెండుసార్లు నేను డ్యూటీలో ఉంటి. మూడోసారి ఆ టీ బంకు కాడ రెండు గంటలు కూచున్నాడు. చీటీలో నీ పేరే వచ్చింది, నువ్వే చెప్పాల అన్నాడు."

అంతటితో ఊరుకోకుండా పక్కనున్న మనిషి భుజం తట్టాడు. "ఈడు వినోద్ కుమార్, మా ఊరే. మీ లిస్టులో ఉంటాడేమో చూడండి."

ఉన్నాడు. నా జాబితాలోనే, పదకొండో పేరు. ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది.

"మా తోట కాడికొచ్చింది మీరేనా సార్?" అన్నాడు వినోద్ కుమార్. "నేను ల్యానని పక్క తోటలోకి పోయి, వాళ్ల బోరు రాసుకొని, చీనీకాయ రసం తాగి పోయినారంట గదా. శానా చల్లగుండిందంట."

"మరి నీ బోరు?"

"నీళ్లుంటే నేను తోటలోనే ఉందును గద సార్. ఆ రసమేదో నేనే ఇద్దును."

తిరుగు బస్సులో నా జాబితా తీశాను. ఎర్ర సిరా పేర్లు తొమ్మిది. తొమ్మిది చోట్లా మనిషి లేడు, పక్కవాడున్నాడు. పక్కవాడినే రాశాను. నీళ్లున్నవాడు తోటలో ఉంటాడు, లేనివాడు పొట్ట చేతబట్టుకుని ఎక్కడికో పోతాడు. నేను దొరికినవాళ్లను లెక్కపెట్టి, ఊరు పచ్చగా ఉందన్నాను. పైమెతుకు పట్టుకున్నది నేనే.

ఆ కాయితం చించేసి, ఎర్ర గీతలు లేకుండా కొత్తది రాస్తే ఎవరికి తెలుస్తుంది? చించడానికి రెండు వేళ్లు ఆనించాను కూడా. కానీ అవతల ఉన్నది కృపావరం. అనుమానం వస్తే నా ముప్పైమంది ఇళ్ల ముందూ రెండేసి గంటలు కూర్చునే రకం. ఆయన పట్టుకునేకంటే నన్ను నేను పట్టుకోవడం మేలు.

నాలుగు రోజులు సెలవు పెట్టి ఆ తొమ్మిదిమంది కోసం తిరిగాను. ఒకాయన పెళ్లికి పోయి ఉన్నాడంతే, ఆయన బోరు బాగుంది. మిగతా ఎనిమిదీ ఎండినవే. యజమానులు కలమల్లలో, రాజుపాలెం పొలాల్లో, మా ప్రొద్దుటూరు బట్టల కొట్లలో దొరికారు. ఇరవై ఏడు కాస్తా పంతొమ్మిదికి దిగింది.

శనివారం మేడం ముందు తప్పు ఒప్పుకుని కొత్త కాయితం పెట్టాను. ఆమె రెండూ చూశారు. "పంతొమ్మిది, పద్దెనిమిది. ఇప్పుడు ఒకే బకెట్లోవి మాదిరుండాయి. కడపకు కృపావరం సారు పోతారు. మీరూ తోడు పోండి."

కడపలో ఆయన మైకు పట్టుకుని ఏమన్నాడో తెలుసా. "నాదేం లేదు. తన తప్పు తానే పట్టుకొని, దొరకని తొమ్మిదిమందిని వెతికి తెచ్చింది మా వరదరాజులు సారు. నాకు మెతుకు పాఠం చెప్పింది గూడా ఆయనే." హాలంతా చప్పట్లు. నా పేరు రెండోసారి మైకులో వినపడింది. మైకు మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

తిరుగు బస్సులో అడిగాడు. "కోపమా సార్?"

"ల్యాదు."

"మరి మాట్లాడకుండా ఉండారే?"

"నువ్వట్ల పొగడకుంటే నిన్ను హాయిగా తిట్టుకుంటాంటిని గదప్పా. అదీ ల్యాకుండా చేస్తివి."

ఆయన నవ్వి, లేచి, కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. అది కూడా ముందు ఆయనకే దొరికింది.