ఊడిన తీగ

మబ్బు పట్టగానే మా ఇంట్లో అందరికీ డాబా మీది బట్టలు గుర్తొస్తాయి. నాకు మాత్రం భీమవరం అవతల రొయ్యల చెరువుల మీదుగా వెళ్ళే కరెంటు లైను గుర్తొస్తుంది. ఆ లైనుకి ఏఈని నేను. బట్టలకీ నేనే. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకునేలోగా ఉరిమింది. "సారికా, బట్టలమ్మా!" అని మా అత్తగారు కుర్చీలోంచే కేకేశారు. బట్టలు తెచ్చి, మడతపెట్టి, పులుసు దించేసరికి ఎక్కడో దగ్గర్లోనే పిడుగు పడి కిటికీలు అదిరాయి. నా ఫోను మోగలేదు. చెరువుల దగ్గర కరెంటు పోతే రైతులు నిమిషం ఆగరు. నీళ్ళలో గాలి తిప్పే మోటార్లు ఆగితే రొయ్యలు చచ్చి తేలిపోతాయి మరి.

వాన వెలిశాక బండి తాళం అందుకున్నాను. "కరెంటు పోలేదుగా! ఇంకేం పని నీకక్కడ?" అన్నారు మా ఆయన సుకుమార్. పోకుండా చూడడమే నా పని అని ఎన్నిసార్లు చెప్పానో. పొద్దున చర్చి బయట నన్ను పక్కనే ఉంచుకుని, "మా ఆవిడ ఇక ఎండల్లో తిరగక్కర్లేదండి. ఆఫీసులో కూర్చునే సీటుకి మాట్లాడేశాను. రేపు ఈవిడ ఊఁ అంటే చాలు" అని నలుగురికీ చెప్పారు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. నన్నెవరూ అడగలేదు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. పులుసులో ఉప్పు తగ్గితే ఇల్లంతా మాట్లాడుతుంది, సరిపోయిన రోజున ఎవరికీ నోరు పెగలదు. ముగ్గురమున్న ఇంట్లో మాట్లాడుకునేది ఇద్దరే. నాతో మాట్లాడేది పనులు చెప్పడానికి.

లైన్‌మన్ చిట్టియ్యతో చెరువు గట్ల మీద నడిచాను. "అదిగోండి మేడం" అని ఒక స్తంభం చూపించాడు. పైన అరెస్టరు కింద తీగ ఊడి, గాలికి ఊగుతోంది. పిడుగు పడినప్పుడు లైనులో పొంగే వోల్టేజిని నేలలోకి దించడం అరెస్టరు పని. తట్టుకోలేక పాడైతే, నేలకి కలిపే తీగను అదే వదిలేసుకుంటుంది. లైను ఆగదు. తలెత్తి చూసినవాళ్ళకే తెలుస్తుంది, ఇది అయిపోయిందని. చూడకపోతే, ఈసారి పిడుగుకి అడ్డు ఉండదు.

"రేపు లైను ఆపి మార్చేద్దామండి" అన్నాడు చిట్టియ్య.

"మార్చేద్దాం" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. దాన్ని చూడడానికైతే ఇద్దరం వచ్చాం.

చిట్టియ్య బండి దగ్గరికి వెళ్ళాక ఫోను మోగింది.

"ఏంటి, అన్నం వండకుండానే వెళ్ళిపోయావా? అమ్మకి ఆకలేస్తోంది."

"ఆ సీటు నాకొద్దండి. రేపు అడిగితే ఒప్పుకోనని చెప్తాను. నేను ఈ లైను మీదే ఉంటాను."



"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేంటి?" అన్నారు.

తీగ ఇంకా ఊగుతూనే ఉంది.

"పూర్తిగా పాడైపోయాక చెబితే లాభం లేదని ఇప్పుడు చెబుతున్నానండి. బియ్యం డబ్బాలో ఉన్నాయి. మీరు వండండి."